అప్పులవాళ్ళకు చెప్పని సంగతి

నా ముప్పైనాలుగో పుట్టినరోజుకు అమ్మా నాయనా ఆలంపూర్ నుంచి మనాలి వచ్చారు. నేను రమ్మనలేదు. టికెట్లు కొన్నాకే ఫోన్ చేశారు. ఆలంపూర్ చౌరస్తా మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి ఉత్తరాన శ్రీనగర్ దాకా పోతుంది. "మన రోడ్డు పోయే దిక్కే కదరా, తప్పిపోతమా?" అన్నాడు నాయన. ఢిల్లీ దాకా రైల్లో, అక్కణ్ణుంచి రాత్రంతా బస్సులో కూర్చుని ఆదివారం పొద్దున దిగారు. పుట్టినరోజు బుధవారం.

వాళ్ళకు తెలియని సంగతి ఒకటుంది. నాలుగు నెలల కిందటే నా ఉద్యోగం పోయింది. ఎక్కణ్ణుంచైనా పని చేసుకోవచ్చన్న రోజుల్లో హైదరాబాద్ వదిలి ఇక్కడ గది తీసుకున్నాను. పని పోయింది, గది మిగిలింది. నెలనెలా ఇంటికి పంపే ఇరవై వేలు మాత్రం ఆపలేదు. దాచుకున్నదాంట్లోంచి తీసి పంపుతూ, ఫోన్లో "అంతా బాగుంది" అంటూ వచ్చాను.

ఎందుకు చెప్పలేదు? వాళ్ళు బాధపడతారని. ఇది నాకు నేను చెప్పుకున్న జవాబు. సగమే నిజం.

మిగతా సగం ఋణం అనే మాటలో ఉంది. మనిషి ఋణాలతో పుడతాడన్నది మనకు పాత ఆలోచనే. మూడు ఋణాల గురించి తైత్తిరీయ సంహిత చెప్పింది బ్రాహ్మణుడి విషయంలో. వాడుకలో ఆ మాట అందరికీ అంటుకుంది. అక్కడ పితృఋణం తీరేది సంతానంతో. ఇప్పుడు మనకు తెలిసిన దారి డబ్బు. తమను తాము పోషించుకోలేని తల్లిదండ్రుల కోసం 2007లో వచ్చిన చట్టం, పిల్లలు ఇవ్వాల్సిన భరణానికి నెలకు 10,000 రూపాయల గరిష్ఠ పరిమితి పెట్టింది. నేను అంతకు రెట్టింపు పంపుతున్నాను కదా అని లోపల ఎక్కడో ఓ చిన్న గర్వం కూడా ఉండేది.

జేన్ ఇంగ్లిష్ అనే అమెరికన్ తత్వవేత్త ఈ లెక్కనే ఒప్పుకోదు. ఎదిగిన పిల్లలు తల్లిదండ్రులకు ఏం బాకీ అన్న ప్రశ్న మీద ఆమె రాసిన వ్యాసం 1979లో అచ్చయింది. అంతకు ముందు ఏడాదే, 31 ఏళ్ళ వయసులో, ఆల్ప్స్‌లోని మాటర్‌హార్న్ శిఖరం ఎక్కుతూ ఆమె చనిపోయింది. ఆమె వాదన సూటిగా ఉంటుంది: మనం అడగని త్యాగాలు మన మీద అప్పు కావు. తల్లిదండ్రుల పట్ల బాధ్యత ఉన్న మాట నిజమే, కానీ అది ప్రేమ నుంచి, స్నేహం లాంటి బంధం నుంచి వస్తుంది. ఆ బంధమే తెగిపోతే బాధ్యతా ఉండదు.

దీంతో నాకు పూర్తిగా పొసగదు. నాయనా నేనూ స్నేహితులం కాము. వానలు, వేరుశనగ ధర, నా పెళ్ళి. ఈ మూడూ అయ్యాక మా ఫోన్లో మాటలు అయిపోతాయి. అయినా ఆయనకు ఒంట్లో బాగాలేదంటే పరిగెత్తి పోతాను. దాన్ని స్నేహమనలేను. కానీ ఆమె మాటలోంచి నాకు పనికొచ్చింది ఒకటి దొరికింది. దివాలా తీసినవాడు ఆ సంగతి స్నేహితుడికి చెప్పుకుంటాడు, అప్పులవాళ్ళ దగ్గరే దాస్తాడు. నేను దాచింది అమ్మానాయనల దగ్గర. అంటే వాళ్ళను నేను ఏ వరసలో కూర్చోబెట్టినట్టు?

బుధవారం అమ్మ భక్ష్యాలు చేసింది. ఊళ్ళోలాగే గిన్నెలో అన్నం వండి గంజి వార్చబోతే ఎంతకీ ఉడకలేదు. సముద్రమట్టానికి రెండు వేల మీటర్ల ఎత్తున నీళ్ళు సుమారు 93 డిగ్రీలకే మరుగుతాయని వివరించాను. "మరిగినట్టు కనపడతాయి గానీ లోపల కాక లేదన్నమాట" అంది అమ్మ. నేను తల దించుకున్నాను.

తినేటప్పుడు నాయన అడిగాడు. "సోమవారం, మంగళవారం, ఇయ్యాల. నువ్వు కంప్యూటర్ తెరిచింది సూడకపోతిమి. సెలవు పెట్టినావా?"

చెప్పేశాను.

నాయన కాసేపు ఊరుకుని, "కూడవెల్లి గుడినే రాయి రాయి విప్పి తెచ్చి మనూళ్ళో నిలబెట్టిరి. నీ ఉద్యోగమెంత?" అన్నాడు. శ్రీశైలం జలాశయంలో మునగకుండా సంగమం దగ్గర్నుంచి ఆలంపూర్‌కు తరలించిన సంగమేశ్వరాలయం గురించి ఆయన చెప్పేది. అమ్మకు మాత్రం కోపమొచ్చింది. "నాలుగు నెల్లు నీకు లేంది మేం తింటిమి. తెలిస్తే తిందుమా?"

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. వాళ్ళకు బాధ తప్పిస్తున్నాననుకున్నాను. నిజానికి వాళ్ళు వద్దనే వీలు లేకుండా చేశాను. డబ్బు ఇచ్చి, వాళ్ళ చేతిలోంచి ఇంకేదో తీసుకున్నాను. కన్నవాళ్ళకు మనం అప్పు ఉన్నామో లేమో ఇప్పటికీ తేల్చుకోలేదు. మన బతుకు నిజంగా ఎలా ఉందో తెలుసుకునే హక్కు మాత్రం వాళ్ళకు ఉందనిపిస్తోంది. మన మంచికి సంతోషించడానికే కాదు, మన చెడ్డలో ఓ చెయ్యి వేయడానికి కూడా. పుట్టినరోజున మనం వాళ్ళకు ఇవ్వగలిగింది బహుశా అదే.

వెళ్ళే ముందు నాయన, "ఊరికి పోయినంక బ్యాంకులో వేస్తా. నీ ఖాతా నంబరు రాసియ్యి" అన్నాడు. వద్దన్నాను. "మేం తీసుకుంటిమి కదా, నువ్వు తీసుకోరాదా?" అంది అమ్మ.

రాసిచ్చాను. నాలుగు నెలలు డబ్బు పంపడం కంటే ఆ అంకెలు రాయడమే కష్టమైంది.