దున్నేవాడి వాటా

‘దున్నేవాడిదే భూమి’ అన్న మాట మన తరం వాళ్ళకు కొత్త కాదు. జమీందారుకూ రైతుకూ మధ్య, భూస్వామికీ కౌలుదారుకూ మధ్య ఆ మాటకు స్పష్టమైన అర్థం ఉంది. కర్ణాటకలో 1974లో భూసంస్కరణల చట్టాన్ని సవరించి, కౌలుకు చేస్తున్నవాడికే హక్కు ఇవ్వడానికి పూనుకొన్నప్పుడు ఆ నినాదమే చట్టమయింది. కానీ అదే మాటను ఇంటి గడప లోపలికి తెచ్చి, తోబుట్టువుల మధ్య పెట్టి చూడండి. అందరూ మౌనం వహిస్తారు. ముగ్గురిలో ఒకరు ఊళ్ళో నిలిచి ముప్పై ఏళ్ళు నేలను చూసుకొని, మిగతా ఇద్దరూ ఉద్యోగానికో అత్తవారింటికో వెళ్ళిపోతే, భాగాలు పంచుకొనే నాడు ఆ ముప్పై ఏళ్ళ సేద్యానికి ఏమైనా లెక్క ఉందా? ఉండాలా? నేను ఆలోచించదలచుకొన్నది ఈ ఒక్క ప్రశ్ననే.

ఇది ఊహలోంచి పుట్టిన ప్రశ్న కాదు. హోసూరు దగ్గర నాయన వదిలిపెట్టిన రెండెకరాల తోట మా ముగ్గురిదీ. నేను బ్యాంకు ఉద్యోగంలో ఊళ్ళు తిరిగాను. చెల్లెలు పెళ్ళయి వెళ్ళింది. తమ్ముడూ మరదలూ తోటలో ఉన్నారు. చుట్టూ ఉన్న పొలాలు ఒక్కొక్కటే లేఅవుట్లయి హద్దురాళ్ళు మొలుస్తున్నాయి. మా తోటకూ బేరగాళ్ళు వస్తున్నారు. కోలారులోనైనా, బరంపురంలోనైనా, యానాంలోనైనా ఈ పత్రిక చదివేవాళ్ళలో చాలామందికి ‘ఊళ్ళో ఉన్న తమ్ముడు’ ఒకడు ఉండే ఉంటాడు. లేదా ఆ తమ్ముడు తామే అయి ఉంటారు.

ముందు ఆ పని ఎటువంటిదో చూద్దాం. రాగి చల్లినవాడికి కొన్నాళ్ళయినా తీరిక దొరుకుతుంది. కూరగాయల రైతుకు ఆ మాత్రం సెలవు కూడా లేదు. టమేటా నారు దాదాపు నెల పెంచాలి. నాటాక కట్టెలు పాతి, దారం లాగి, మొక్క ఎదిగే కొద్దీ పైకి కడుతూ పోవాలి. కాయతొలిచే పురుగు, ఆకుమాడు తెగులు ఎప్పుడు వస్తాయోనని రోజూ ఆకు తిప్పి చూడాలి. నాటిన రెండు నెలలకు కోత మొదలైతే మూడు నాలుగు రోజులకొకసారి కోయాలి, ఏరాలి, పెట్టెల్లో సర్దాలి, బండికెత్తాలి. కరెంటు ఏ వేళకు వస్తే ఆ వేళకు మోటారు దగ్గర ఉండాలి. కలుపు తీసేదీ, దారం కట్టేదీ, కాయ ఏరేదీ ఎక్కువగా ఆడవాళ్ళే. మా తోటలో అది మరదలి పని.

ఈ పనికి సంత ఇచ్చే ధరను కొలతగా తీసుకోలేము. 2023 జూలైలో కోలారు మార్కెట్లో 15 కిలోల టమేటా పెట్టె 2,000 రూపాయలు దాటింది. సెప్టెంబరు వచ్చేసరికి కిలో కొద్ది రూపాయలకు పడిపోయి, కోత కూలి కూడా రాదని చేలోనే వదిలేసినవాళ్ళున్నారు. జూలైలో మొక్కకు కట్టిన దారమే సెప్టెంబరులోనూ కట్టారు. శ్రమ మారలేదు, ధర మారింది. కనుక ‘వాడికి ఆ ఏడాది బాగా వచ్చింది కదా’ అనో, ‘ఏమీ రాలేదు కదా’ అనో వాడి పనికి విలువ కట్టడం కుదరదు.

మరి ఎలా కట్టాలి? పంట ఖర్చు లెక్కకట్టే కేంద్ర ప్రభుత్వ కమిషన్‌కు ఒక పద్ధతి ఉంది. విత్తనం, ఎరువు, కూలి వంటి చేతి ఖర్చులను ఏ2 అంటారు. దానికి ఇంటి మనుషులు కూలి తీసుకోకుండా చేసిన పనికి విలువ కట్టి కలిపితే ఏ2 ప్లస్ ఎఫ్ఎల్. దానికి సొంత భూమికి వచ్చే కౌలునూ, సొంత పెట్టుబడికి వచ్చే వడ్డీనీ కలిపితే సీ2. ఈ లెక్కలు మద్దతు ధర ఉన్న పంటలకే. టమేటాకు, వంకాయకు ఆ అదృష్టం లేదు. అయినా పద్ధతి మనకు ఉపయోగపడుతుంది. భాగాలు పంచేటప్పుడు మనం చేసేది ఏమిటో ఈ అక్షరాల్లో పెట్టి చూస్తే తెలుస్తుంది. భూమికి కౌలు ఎంత రావాలో, పంపిన డబ్బుకు వడ్డీ ఎంతో అందరికీ గుర్తుంటుంది. మధ్యలో ఉన్న ఇంటి మనిషి కూలి మాత్రం సున్నా. ఒకసారి నేను ఈ మాట ఎత్తితే తమ్ముడే నవ్వి, “కూలి ఇచ్చుకొనేది ఎవరికన్నా, మాకు మేమేనా?” అన్నాడు. కూలి తీసుకోవలసినవాడికే అది కూలిగా తోచకపోవడంలో ఉంది అసలు చిక్కు.

చట్టం కూడా ఈ మతిమరుపును సమర్థిస్తున్నట్టే కనిపిస్తుంది. మేము కామర్సులో చదువుకొన్న 1932 నాటి భాగస్వామ్య చట్టంలో 13వ సెక్షన్ ఉంది. ఒప్పందంలో రాసుకోకపోతే, వ్యాపారం నడిపినందుకు ఏ భాగస్వామికీ జీతం లేదు. అదే సెక్షన్‌లో, ఒప్పుకొన్న పెట్టుబడికి మించి డబ్బు పెట్టిన భాగస్వామికి, వేరే ఒప్పందం లేకుంటే, ఏడాదికి నూటికి ఆరు వడ్డీ ఉంది. రాసుకోకపోయినా డబ్బుకు ఫలం ఉంది. రాసుకొంటేనే శ్రమకు ఫలం. ఆ చట్టం వ్యాపారానికే గాని కుటుంబానికి వర్తించదు. కానీ మన కుటుంబాల మనస్సు అచ్చంగా ఆ సెక్షన్ లాగే నడుస్తుంది. బోరు వేయడానికి పట్నం నుంచి అన్న పంపిన డబ్బు ఇరవై ఏళ్ళయినా అందరికీ గుర్తే. ఆ బోరు దగ్గర రాత్రిళ్ళు మేలుకొన్నది ఎవరికీ గుర్తుండదు.

దీనికి ఎదురు వాదాలు లేకపోలేదు. వాటిని తోసిపుచ్చకూడదు. ఊళ్ళో ఉన్నవాడు ఆ నేల తిండే తిన్నాడు, అద్దె లేని ఇంట్లో ఉన్నాడు అంటారు. నిజమే. అతని కూలిలోంచి అది తీసివేయవలసిందే. అయితే బయటికి వెళ్ళినవాడి చదువు ఫీజు ఏ బీన్సు కోతలోంచి వచ్చిందో కూడా రాయాలి. లెక్క ఒక వైపే రాస్తే అది లెక్క కాదు. మరో వాదం ఇంతకన్నా బరువైనది. ‘నేను సాగుచేశాను, నాకే చెందాలి’ అన్న మాటతోనే తరతరాలుగా ఆడపిల్లలకు భాగం ఎగ్గొట్టారు. తమిళనాడులో 1989లో, దేశమంతటా 2005లో చట్టం మారి కూతురికి కొడుకుతో సమాన హక్కు వచ్చింది. సేద్యం పేరుతో ఆ హక్కును మళ్ళీ లాక్కోవడమా? నా చెల్లెలు తోటలో లేకపోవడం ఆమె ఎంచుకొన్నది కాదు, పెళ్ళి చేసి మనమే పంపించాం. దీనికి నాకు తోచిన సమాధానం ఒకటే. కూలిని మనిషి పేరుతో లెక్కించాలి, కొడుకు పేరుతో కాదు. అలా లెక్కించినప్పుడు ఇంకో ఇంటి ఆడపిల్ల ఒకామె కూడా లెక్కలోకి వస్తుంది. ముప్పై ఏళ్ళు కలుపు తీసినా ఏ పట్టాలోనూ పేరులేని మరదలు ఆమె.

ఇక్కడ రెండు విషయాలను విడదీయాలని నా అభిప్రాయం. భూమికి ధర పెరగడం ఒకటి, భూమిలో సారం నిలవడం మరొకటి. హోసూరు పక్క సెంటు ధర పెరిగిందంటే 1970లలో సిప్కాట్ పారిశ్రామికవాడ రావడం, బెంగుళూరు ఇటుగా పెరుగుతూ రావడం కారణాలు. ఆ పెరుగుదలలో తమ్ముడి చెమట లేదు, నా తెలివీ లేదు. అది ఎవరూ సంపాదించనిది. కనుక ముగ్గురికీ సమంగా చెందడమే న్యాయం.

సారం సంగతి వేరు. కామర్సు మొదటి ఏడాదిలోనే తరుగుదల పాఠం చెబుతారు. యంత్రానికి తరుగుదల ఉంది, భవనానికి ఉంది, భూమికి మాత్రం లేదు. పుస్తకాల్లో అలా రాయవచ్చు. తోటలో అది నిజం కాదు. వేల ఏళ్ళ మాట అటుంచి, ఒక అంగుళం మేల్మట్టి తయారు కావడానికే వందల ఏళ్ళు పడుతుంది. గట్టు తెగితే అది కొన్ని వానలకే కొట్టుకుపోతుంది. మా ఎర్రనేలకు ఏటా దిబ్బ ఎరువు తోలకపోతే, ఎండిన చెరువులోంచి మన్ను తెచ్చి పరచకపోతే, పంట మార్చి వేయకపోతే పదేళ్ళలో సవుడు తేలుతుందో గట్టిపడుతుందో అవుతుంది. భూమికి తరుగుదల లేదని మనం ధీమాగా రాసుకొంటున్నామంటే, ఆ తరుగును ఏటేటా ఎవరో తమ ఒంటిమీద రాసుకొంటున్నారన్నమాట. ఆ నిలబెట్టిన సారం మాత్రం నిలబెట్టినవాళ్ళది.

చట్టంలో ఒక మంచి మాట కూడా ఉంది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 22వ సెక్షన్ ప్రకారం వారసుల్లో ఒకరు తమ వాటా అమ్మదలిస్తే, కొనుక్కొనే మొదటి అవకాశం తోటి వారసులకే ఇవ్వాలి. ఇది వ్యవసాయ భూమికీ వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2019లో చెప్పింది. కానీ కూరగాయలు పండించేవాడు లేఅవుటు ధర పెట్టి అన్న వాటా ఎలా కొంటాడు? అతని ముప్పై ఏళ్ళ కూలిని సున్నా అని రాసిన చేత్తోనే, డబ్బుంటే కొనుక్కో అనడం వెటకారమవుతుంది. ఆ కూలిని లెక్కకు తెస్తేనే ఈ హక్కుకు ప్రాణం వస్తుంది. ఉదాహరణకు ఏడాదికి 250 రోజులు, రోజుకు 400 రూపాయలు వేసినా ఇద్దరికి ఏడాదికి రెండు లక్షలు. పాత ఏళ్ళకు పాత కూలి వేయండి, తిండీ ఇంటి అద్దే తీసివేయండి. మిగిలేది చిన్న మొత్తం కాదు.

అందుకే మా ఇంట్లో నేను చెబుతున్నది ఇది. పంపకానికి ముందు ఒక కాగితం మీద తమ్ముడి కూలి, మరదలి కూలి వేరువేరుగా రాద్దాం. నేను పంపినదీ, నా చదువుకు పోయినదీ రాద్దాం. తర్వాత మిగిలినదాన్ని చెల్లెలితో కలిపి మూడు సమభాగాలు చేద్దాం. అమ్మాలా వద్దా అన్న చోట మొదటి మాట తోటలో ఉన్న ఇద్దరిది కావాలి.

ఆ మాట ‘అమ్మేద్దాం’ అని వచ్చినా మనం ఒప్పుకోవాలి. బయట ఉన్నవాళ్ళకు ఒక స్వార్థం ఉంది, అది డబ్బు కన్నా సున్నితంగా ఉంటుంది. సంక్రాంతికి వెళ్ళి పితుకు పప్పు తిని రావడానికి ఒక ఊరు కావాలి. మడి, పాదు, కపిల అన్న మాటలు తమిళం మధ్యా కన్నడం మధ్యా ఇంకా ఎవరో ఒకరి నోట బతికి ఉండాలి. మన జ్ఞాపకాన్ని కాపలా కాయడానికి తమ్ముడు జీతం లేకుండా ఇంకో పదేళ్ళు అక్కడే ఉండాలని కోరడం, వాడి కూలి ఎగ్గొట్టడానికి మరొక పద్ధతి మాత్రమే.

సరిహద్దు దాటి కర్ణాటకలోకి వెళితే పహణీ అనే కాగితం ఉంది. అందులో భూమి యజమాని పేరుకు ఒక గడి, సాగు చేస్తున్నవారి వివరాలకు వేరే గడి. రెండూ ఒకటి కావలసిన పని లేదని ఆ కాగితానికి తెలుసు. మొదటి గడిలో ఎవరి పేరు ఉండాలో కోర్టులు తేల్చగలవు. రెండో గడిలో ఉన్నవాళ్ళకు మనం ఏమి బాకీ ఉన్నామో తేల్చుకోవలసింది మాత్రం ఆ ఇంటివాళ్ళే.