రంగు క్రింద ఏమున్నది?

పాడైన వస్తువును పారవేయక బాగుచేసి వాడుకొనుట మంచి అలవాటని మనమందరము ఒప్పుకొందుము. చిరుగు కుట్టిన చొక్కా, క్రొత్త కోడు వేయించిన మంచము, విప్పి శుభ్రపరచిన గడియారము, ఇవన్నియు ఒక ఇంటివారి పొదుపునకును ఓర్పునకును సాక్ష్యములు. అయితే బాగుచేయుటలో రెండు విధములు కలవు. లోపమును తీసివేయుట ఒకటి. లోపమును కనబడకుండ చేయుట మరియొకటి. బయటనుండి చూచువానికి రెండును ఒకే తీరుగా నుండును. చేసినవానికి మాత్రము భేదము తెలియును. ఈ భేదమును గూర్చి ఈ నెల పాఠకులతో కలిసి కొంచెము ఆలోచింపగోరుచున్నాము. ఈ ఆలోచన మాకు పుస్తకములో దొరకలేదు. ఒక పాత మోటారుకారు క్రింద వెల్లకిల పండుకొని యుండగా కలిగినది.

మేము కాపురముండునది ఇంగ్లండు దేశములో. కొన్ని సంవత్సరముల క్రిందట మా కుమారుడు కోరగా, 1971వ సంవత్సరపు ఎం.జి.బి. కారు నొకదానిని కొంటిమి. ఇద్దరు మాత్రమే కూర్చుండదగిన చిన్న కారు. పైన గట్టి కప్పు లేదు, మడిచిపెట్టు గుడ్డ కప్పు మాత్రమే. ఈ రకపు కార్లు ఆక్స్‌ఫర్డు నగరమునకు సమీపముననున్న ఆబింగ్డన్‌లో 1962 నుండి 1980 వరకు తయారైనవి. గట్టి కప్పుగల జీటీ రకముతో కలిపి అయిదు లక్షలకు పైగా చేసిరి. 1798 సీసీల ఇంజను, రెండు కార్బురేటర్లు, సీట్ల వెనుక రెండు ఆరు వోల్టుల బ్యాటరీలు. నిర్మాణమంతయు సులభమైనది, విడి భాగములు నేటికిని దొరకుచున్నవి. అందుచేతనే ఇంటి షెడ్డులో పని నేర్చుకొనగోరువారు అనేకులు దీనిని ఎన్నుకొందురు. అమ్మినవాడు మాతో చెప్పిన మాట ఒక్కటే: "దీనికి రేకు పని అంతా పూర్తిగా చేయించాము." పచ్చని రంగు నిగనిగలాడుచుండెను. మేము నమ్మితిమి.

ఈ కారునకు లారీకి ఉన్నట్లు విడిగా ఛాసీ లేదు. బాడీయే బరువంతయు మోయును. తలుపుల క్రింద, ముందు చక్రముల వెనుకనుండి వెనుక చక్రములవరకు, రేకులను పెట్టెవలె కలిపి చేసిన బోలు దూలము ఇరుప్రక్కల నుండును. వీటిని సిల్లు లందురు. పైన కప్పు లేదు గనుక కారు నడిమికి వంగిపోకుండ పట్టుకొనునవి ముఖ్యముగా ఇవే. ముందు చక్రములు చిమ్మిన బురద మడ్‌గార్డు లోపల చేరును. తడి అక్కడనే నిలుచును. చలికాలమున రోడ్లమీద చల్లెడి ఉప్పు దానితో కలియును. అప్పుడు తుప్పు లోపలనుండి తినుకొనుచు వచ్చును. బయట పొక్కు కనబడు వేళకు లోపల గట్టి రేకు కొంచెమే మిగిలియుండును.

కొన్న రెండవ వారమున ఎడమ ముందు చక్రము వెనుక జాకీ పెట్టి లేపితిమి. తలుపునకును దాని వెనుక రేకునకును నడుమనున్న సందు మా కన్నులయెదుటనే సన్నబడెను. తలుపు తెరువబోగా బిగుసుకొనిపోయెను. అయస్కాంతము తెచ్చి సిల్లునకు ఆనించి చూచితిమి, కొన్నిచోట్ల అంటుకొనలేదు. రంగు గీకగా పుట్టీ కనబడెను. పుట్టీ క్రింద ఒక క్రొత్త రేకు. ఆ రేకును గ్రైండరుతో కోసి విప్పగా, దాని క్రింద పాత సిల్లు అట్లే యుండెను. వ్రేలితో నొక్కిన పొడియై రాలెను. కుళ్లినదానిని తీయకయే దానిమీద ముసుగు వేసి యుండిరి. ఆ సాయంకాలము అమ్మినవానిని గూర్చి మేము పలికిన మాటలు ఇక్కడ వ్రాయదగినవి కావు.

ఇప్పుడు మా సంగతి చెప్పవలెను. ఆ పని సరిగా చేయవలెనన్న చాలా నెలలు పట్టును. ముందుగా తలుపు ఖాళీలో అడ్డముగా ఇనుప కడ్డీలు వెల్డు చేసి బాడీ వంగకుండ నిలుపవలెను. ముందు మడ్‌గార్డులను ఊడదీయవలెను. తుప్పు పట్టిన ప్రతి పొరను మంచి రేకు తగులువరకు కోసివేయవలెను. లోపలి రేకు, నడిమి రేకు, బయటి రేకు వరుసగా అతుకవలెను. ఒక ప్రక్క ముగియకుండ రెండవ ప్రక్క ముట్టరాదు. ఇట్లుగాక, మునుపటివారు చేసినట్లే పైన కప్పు రేకు వేసి పుట్టీ పూసినయెడల రెండు దినముల పని. మా చేతిలో డబ్బు తరిగిపోవుచుండెను. మా కుమారునికి సెప్టెంబరులో దూరపు పట్టణమున ఉద్యోగము నిశ్చయమైనది. ఆ వేసవిలో కారు నడుపవలెనని వాని ఆశ. ఇదిగాక, ఈ దేశమున నలువది సంవత్సరములు దాటిన కార్లలో మూలరూపము పెద్దగా మారనివాటికి ఏటేటి తప్పనిసరి పరీక్షనుండి 2018 మే నెలలో మినహాయింపు వచ్చెను. కారును భద్రముగా నుంచు బాధ్యత యజమానిదేగాని, సంవత్సరమున కొకసారి క్రిందికి వంగి చూచువాడు లేడు. సిగ్గుపడుచు ఒప్పుకొనుచున్నాము: ఆ కప్పు రేకులను మేమును కొని తెచ్చితిమి.

పని మొదలుపెట్టవలసిన దినమునకు ముందటి రాత్రి మా కుమారుడు షెడ్డులో ఎడమ సీటున, అనగా ప్రక్కవాడు కూర్చుండు సీటున, కూర్చుండి బెల్టు కొలతలు చూచుకొనుచుండెను. ఉన్నట్టుండి అడిగెను: "నాన్నగారూ, రేపు మనం దీన్ని ఎవరికైనా అమ్మితే రేకు పని సంగతి ఏమని చెబుతాం?" మేము బదులు చెప్పలేకపోతిమి. ఏలయనగా మా నోటికి వచ్చిన మాట, అమ్మినవాడు మాతో చెప్పిన మాటయే. బహుశః అతడును ఇట్టి యొక రాత్రి, చాలని డబ్బుతో, త్వరపడు ఇంటివారితో, ఇట్లే లెక్కలు వేసికొని యుండవచ్చును. అతనికిని మాకును నడుమ ఉన్నది రెండు దినముల పని మాత్రమే. మరునాడు ఆ రేకులను తిరిగి ఇచ్చివేసితిమి. ఆ వేసవిలో మా కుమారుడు కారు నడుపలేదు. ఉద్యోగమునకు రైలులో వెళ్లెను. సెలవు దినములలో వచ్చి మాతో కలిసి రేకులు కోయుచుండెను. పని ముగియుటకు ఇంకొక వేసవి వచ్చెను.

ఇంతలో వేరొక ప్రశ్న లేచినది. ఇన్ని రేకులు మార్చిన తరువాత ఇది ఆ కారేనా? ఇది క్రొత్త ప్రశ్న కాదు. థీసియసు ఓడ పలకలను ఏథెన్సువారు పాడైనకొలది మార్చుచుండగా, అది ఆ ఓడయేనా కాదా అని తత్వవేత్తలు వాదించిరని ప్లూటార్కు అను గ్రీకు రచయిత వ్రాసెను. మా కారు విషయములో ఈ ప్రశ్న ఇంకను పదునైనది. 1988లో బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ అను సంస్థ పాత అచ్చులతోనే ఎం.జి.బి. బాడీలను క్రొత్తగా చేయ నారంభించెను. క్రొత్త బాడీ కొని, పాత కారు భాగములను దానికి తగిలించి, పాత కారు పేరుతోనే పిలిచినవారు కలరు.

దీనికి న్యాయస్థానమున దొరికిన ఒక జవాబును ఇక్కడ చెప్పుట మంచిది. ఓల్డ్ నంబర్ వన్ అను బెంట్లీ పందెపు కారు 1929, 1930 సంవత్సరములలో ఫ్రాన్సుదేశపు లె మాన్స్ పందెమును గెలిచెను. 1932లో బ్రూక్‌లాండ్స్‌లో ప్రమాదమునకు లోనై, డ్రైవరు మరణింపగా, దానిని వేరొక రూపమున తిరిగి కట్టిరి. చాలా కాలమునకు దానిని కోటి పౌండ్లకు కొనుటకు ఒప్పుకొన్నవారు, ఇందులో గెలిచిననాటి భాగములు కొంచెమే గనుక ఇది ఆ కారు కాదని ఎదురుతిరిగిరి. 1990లో లండను హైకోర్టు న్యాయమూర్తి, ఇది ఆ కారే అని తీర్పు చెప్పెను. దాని చరిత్ర తెగలేదు. పందెములలో పాల్గొనుచు, భాగములు మార్చుకొనుచు అది వరుసగా నడచుచు వచ్చినది. ఒకనాడు నశించి మరియొకనాడు తిరిగి పుట్టినది కాదు. ఇదే ఆ తీర్పులోని ముఖ్య విషయము.

ఇది చదివినప్పుడు మా రెండు ప్రశ్నలును ఒక్కటే యని మాకు తోచెను. వస్తువు అదేనని చెప్పించునది ఇనుము కాదు, తెగని కథ. అయితే కథ తెగకుండవలెనన్న అది నిజముగా చెప్పబడవలెను. కుళ్లిన సిల్లుమీద ముసుగు వేసినవాడు రేకును మాత్రమే దాచలేదు. కారు చరిత్రలో ఒక పుటను చింపివేసెను. ఆ తరువాత దానిని కొన్నవారందరు కథ తెలియని కారునే నడిపిరి. మేము రేకులు ఎన్నో మార్చితిమి. అయినను ఏది ఎప్పుడు ఎందుకు మార్చితిమో ఒక నోటుపుస్తకమున వ్రాసి, ఫోటోలు అంటించి కారులోనే ఉంచితిమి. కనుక ఇది 1971 నాటి కారే యని నిర్భయముగా చెప్పగలము.

మార్పులు చేయవచ్చునా అను తగవును ఈ నోటుపుస్తకమే తీర్చెను. మా కుమారునికి అయిదు గేర్ల గేరుబాక్సు కావలెను, పాయింట్లకు బదులు ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ కావలెను, నీలి రంగు కావలెను. మాకేమో ఫ్యాక్టరీనుండి వచ్చినట్లే ఉండవలెనని పట్టుదల. పాత వాహనముల కొరకైన అంతర్జాతీయ సంఘము 2013లో ఆమోదించిన ట్యురిన్ చార్టర్ అను పత్రములో మాకు నచ్చిన భావ మొకటి కలదు: మార్పు తప్పనిదైనచో, అది తిరిగి తీసివేయుటకు వీలుగా నుండవలెను, దేనిని మార్చినది తెలియునట్లుండవలెను. ఆ ప్రకారమే చేసితిమి. పాత గేరుబాక్సు గ్రీజు పూసి గుడ్డ చుట్టి షెడ్డులో నున్నది. పాత పాయింట్లు ఒక డబ్బాలో నున్నవి. రంగు విషయములో మాత్రము మేమే ఓడిపోతిమి. కారు ఇప్పుడు నీలముగా నున్నది. పుట్టినప్పుడు పచ్చనిదని పుస్తకములో మొదటి పుటలోనే వ్రాసియున్నది.

అట్లయిన రంగు వేయుటయే మోసమా? కాదు. మంచి రేకుమీది రంగు దానికి కాపుదల. తుప్పుమీది రంగు అబద్ధము. రంగు ఒక్కటే, దాని క్రిందనున్నదే వేరు. మన మర్యాదలును ఇట్టివే. అతిథి వచ్చినప్పుడు ఇల్లు సర్దుకొందుము, బాధలో నున్నను నవ్వుచు పలుకరింతుము. ఇది ఎవరిని మోసగింపదు. మన లోపములన్నిటిని వీధిలో ప్రతివానికి చాటవలెనని మేము చెప్పుటలేదు. దారిన పోవువాడు మన కారు రంగు చూచి సంతోషించి పోవును. సిల్లుల సంగతి వానికి అక్కరలేదు. కాని ప్రక్క సీటులో కూర్చుండువానికి అక్కర కలదు. రెండు సీట్ల కారులో ఒకటి ఎప్పుడును ఇతరులదే. ఎవడు తన బరువును మన మాటమీద ఆనించునో, వానికి రంగు క్రిందనున్నది తెలిసికొను హక్కు కలదు. ఇదే మేము నేర్చుకొన్న కొలత.

పెండ్లి సంబంధము కుదుర్చుకొనునప్పుడు దాచిన జబ్బు, భాగస్వామికి చెప్పని అప్పు, అన్నదమ్ముల నడుమ మాటలాడి తీర్చుకొనక పండుగ భోజనములతో కప్పిపుచ్చిన తగవు, ఇవి మన ఇండ్లలోని కప్పు రేకులు. వేసినవారు చెడ్డవారు కానక్కరలేదు. వారికి డబ్బు చాలలేదు, కాలము చాలలేదు, శుభకార్యము దగ్గరపడెను. రెండు దినములలో పని అయిపోయెను. తుప్పు మాత్రము లోపల తన పని మానలేదు. బరువు పడిన దినమున తలుపు బిగుసుకొనును. అప్పుడు లోపల చిక్కుకొనువారు ఎక్కువగా మన పిల్లలే.

మొన్నటి వారమున మా కుమారుడు వచ్చి కారును మరల జాకీమీద లేపెను. తలుపు ఒక్క వ్రేలితో తెరచుకొనెను. వాడు ఏమియు అనలేదు, మేమును అనలేదు. పిమ్మట వాడు స్టీరింగు పట్టుకొనగా మేము ప్రక్క సీటున కూర్చుంటిమి. దారి పొడుగునను సిల్లులను గూర్చిన తలంపే మాకు రాలేదు.

ప్రియ పాఠకులారా, మీ చేతిలో నేడు సగము పని యేదైన నుండవచ్చును. త్వరగా ముగించు దారియు మీకు తెలిసియుండవచ్చును. రంగు డబ్బా మూత తీయకముందు ఒక్క ప్రశ్న వేసికొందము: రేపు దీనిమీద బరువు మోపువాడు "దీని క్రింద ఏమున్నది?" అని అడిగినయెడల, మనము తడబడక జవాబు చెప్పగలమా? చెప్పగలిగినయెడల, మనకు నచ్చిన రంగు వేసికొందము.