జొకాస్టా జవాబు

పినపాక నుంచి గోదావరి అవతలికి వెళితే దుమ్ముగూడెం మండలంలో పర్ణశాల. రావణుడు సీతను ఎత్తుకుపోయింది ఇక్కడినుంచేనని స్థానికుల నమ్మకం. "గీత దాటకపోతే ఇంత జరిగేదా" అనడం మనకు అలవాటు. వాల్మీకిలో ఆ గీతే లేదు. సన్యాసి వేషంలో వచ్చినవాడికి సీత చేసిన అతిథి మర్యాద ఉంది. అంతకుముందు, కదలనన్న లక్ష్మణుడిపై, తనమీద ఆశతోనే ఆగాడని ఆమె వేసిన నింద ఉంది. తెలిసి చేసిన తప్పంటూ ఉంటే అదీ. దాన్ని మాత్రం ఎవరూ ఎత్తరు.

ఈడిపస్ తండ్రిని చంపాడు, తల్లిని పెళ్ళాడాడు, రెండూ తెలియకే. సోఫోక్లిస్ పోయాక క్రీ.పూ. 401లో ప్రదర్శించిన 'ఈడిపస్ ఎట్ కొలోనస్'లో ఆ గుడ్డి ముసలాయన తాను నిర్దోషినని గట్టిగా వాదిస్తాడు. అయినా థీసియస్ చెయ్యి పట్టుకోబోయి ఆగిపోతాడు, తన మైల అంటుతుందని. నేరం వేరు, మైల వేరు.

సోఫోక్లిస్ జొకాస్టాకు అలా వాదించుకునే రెండో నాటకం ఇవ్వలేదు. తెలియక కొడుకును పెళ్ళాడిందనే ఆమెను గుర్తుపెట్టుకున్నాం. పసిగుడ్డును భర్తే కొండమీద పారవేయించాడని ఆమె అంటుంది. కాదు, చంపమని తన చేతికిచ్చింది ఆమేనని కాపరి. "కన్నతల్లేనా?" అని విస్తుపోతాడు ఈడిపస్. జవాబు చెప్పవలసిన మనిషి అప్పటికే లోపలికి వెళ్ళిపోయింది, ఉరి వేసుకోడానికి.