పెట్టెలోని ఇంజను

ఒక వస్తువు యొక్క అవయవములన్నియు ఒకచోట చేరియున్నప్పుడు ఆ వస్తువు అక్కడ ఉన్నట్లా, లేనట్లా అను ప్రశ్న మన దర్శనములలో ఎంతో ప్రాచీనమైనది. దానిని విచారించుటకు పూర్వులు కుండను, వస్త్రమును, రథమును ఉదాహరణములుగా గ్రహించిరి. ఈ కాలమున ఆ ప్రశ్నను పరీక్షించుటకు వానికంటె తగిన ఉదాహరణము మరియొకటి కలదని నా అభిప్రాయము. అది నిజముగా నీరు కాగి, నిజమైన ఆవిరితో నడచు చిన్న రైలింజనును ఇంటియందే కూర్చుకొనుటకై విడిభాగములుగా వచ్చెడి పెట్టె. ఇంగ్లండులోని డాంకాస్టరు పట్టణమునందలి రౌండ్‌హౌస్ వంటి సంస్థలు ఇట్టి ఇంజన్లను సిద్ధముచేసి అమ్ముటయే కాక, కొన్నింటిని కిట్లుగా కూడ అమ్ముచుండును. పెట్టె విప్పినచో ఫ్రేము పలకలు, చక్రములు, ఇరుసులు, సిలిండర్లు, పిస్టన్లు, కడ్డీలు, చిన్న సంచులలో మరలు, ఒత్తిడికి నిలుచునని ముందే పరీక్షింపబడిన బాయిలరు, అన్నియు కాగితములలో చుట్టబడి కనబడును. కావలసినదేదియు కొరవడియుండదు. మరి ఆ పెట్టెలో ఇంజను ఉన్నదా?

తిరుపతిలో కూర్చుండి ఈ ప్రశ్న వేసికొనుట ఊరక కాదు. కాట్పాడి నుండి చిత్తూరు, పాకాల మీదుగా తిరుపతికి వచ్చు దారియు, పాకాల నుండి పీలేరు, కదిరి మీదుగా ధర్మవరమునకు పోవు దారియు చిరకాలము మీటరు గేజి దారులు. ఈ శతాబ్దారంభమున అవి బ్రాడ్‌గేజిగా మారువరకు ఈ సీమ ప్రజలకు రైలనగా ఆ సన్నని పట్టాల రైలే. మీటరు వెడల్పును ఇరువదిరెండున్నర వంతులకు తగ్గించినచో సుమారు 45 మిల్లీమీటర్లగును. చిన్న ఇంజన్ల లోకమున మిక్కిలి ప్రచారముననున్న పట్టాల వెడల్పులలో ఇదియొకటి. పాకాల జంక్షనులో ఇంజను నీరు పట్టుకొనుటను కన్నులార చూచినవారికి ఆ 45 మిల్లీమీటర్ల దారి పరాయిది కాదు. ఇక రెండవ కారణము. ఈ కొండ క్రిందనే గోవిందరాజస్వామిని ప్రతిష్ఠించి, ఇచ్చటనే తన మేనమామయగు తిరుమలనంబి చెంత రామాయణ రహస్యములను అభ్యసించెనని సంప్రదాయము చెప్పు రామానుజాచార్యుడు, అవయవములకును వాని సముదాయమునకును గల సంబంధమును గూర్చి శ్రీభాష్యమున సూటిగా తన తీర్పు చెప్పియున్నాడు.

ముందుగా బౌద్ధుల మాట. మిలింద రాజునకు నాగసేనుడు చెప్పిన రథదృష్టాంతము ప్రసిద్ధమైనది: నొగ రథము కాదు, ఇరుసు రథము కాదు, చక్రము రథము కాదు, వీనిని విడిచి వేరొక రథమును లేదు, రథమనునది వ్యవహారమునకై పెట్టుకొనిన పేరు. ఈ లెక్కను మన పెట్టెలో ఇంజను లేదు. కూర్చిన పిదపను పరమార్థమున ఇంజను లేదు. నైయాయికులు దీనికి ఒప్పుకొనరు. అవయవములు కూడినప్పుడు అవయవి యను నూతన ద్రవ్యము పుట్టుననియు, అది సమవాయ సంబంధముతో అవయవములయందు నిలుచుననియు వారి సిద్ధాంతము. వారు చూపిన యుక్తులలో ఒకటి రైలింజనుకొఱకే చెప్పబడినదా యనిపించును: ఒక భాగమును పట్టుకొన్నప్పుడు మొత్తము నిలుచుచున్నది, ఒక భాగమును లాగినప్పుడు మొత్తము కదలుచున్నది, కావున మొత్తమనునది కలదు. పెట్టెలోనుండి చక్రమును పైకెత్తినచో చక్రమే చేతికి వచ్చును. కూర్చిన ఇంజను కొక్కెమును పట్టి లాగినచో ఎనిమిది చక్రములు, ఇరుప్రక్కల కడ్డీలు, బాయిలరు, పొగగొట్టము అన్నియు ఏకముగా వెంట వచ్చును. అయితే ప్రతిపక్షుల పాత ఆక్షేపణ కూడ బలమైనదే: క్రొత్త ద్రవ్యము పుట్టినచో దానికి వేరుగా బరువుండవలదా? పెట్టెలోని భాగములను ఒక తట్టలోను, అట్టి భాగములతోనే కూర్చిన ఇంజనును ఒక తట్టలోను పెట్టి తూచినచో ముల్లు మధ్యనే నిలుచును.

రామానుజుని మార్గము ఈ రెండింటికిని భిన్నము. దారములే ఒక విశిష్ట సంయోగమును పొందినప్పుడు వస్త్రమను పేరును, వస్త్రముచేయు పనిని పొందుచున్నవని, క్రొత్త ద్రవ్యమేదియు పుట్టలేదని ఆయన శ్రీభాష్యమందలి ఆరంభణాధికరణమున నిర్ణయించెను. ద్రవ్యమదే; అవస్థ మారినది. అవస్థ యనునది కల్పితము కాదు, సత్యమే. ఈ తీర్పును స్వీకరించినచో పెట్టెలోనిదియు పట్టాలమీదిదియు ఒకే ద్రవ్యము, రెండు అవస్థలు. నేను ఈ తీర్పునకే తలయొగ్గుదును. కాని అవస్థ యనగా ఆకారమేనా అను శంక మిగులుచున్నది; దానిని తీర్చుటకు పుస్తకముకంటె మరలు త్రిప్పు చేయియే మేలు.

ఇంజనునకు ఇరువైపుల రెండు సిలిండర్లుండును. ఎడమ క్రాంకును కుడి క్రాంకును ఇరుసుమీద ఒకదానికొకటి తొంబది డిగ్రీల తేడాతో బిగింపవలెను. ఏలయన పిస్టను తన దారి చివరకు చేరిన క్షణమున ఆవిరి ఎంత నెట్టినను చక్రమును త్రిప్పలేదు. ఆ క్షణమున రెండవ ప్రక్క పిస్టను నడుమదారిలోనుండి పని జరుపుచుండవలెను. ఈ కోణమును విస్మరించి రెండు క్రాంకులను ఒకే వరుసలో బిగించినవానికి చూపునకు ఏ లోపమును కనబడదు, ప్రతి భాగము తన చోటనే ఉండును, రంగు మెరయుచుండును, కాని చక్రము ఆ నిర్జీవ స్థానమున నిలిచినప్పుడు ఆవిరిని వదలు రెగ్యులేటరు ఎంత తెరచినను కదలదు. అట్టి కూర్పునకు ఇంజను ఆకారమున్నది, ఇంజను అవస్థ లేదు.

ఇంతకంటె గంభీరమైన సాక్ష్యము పరిమాణమున ఉన్నది. ఇరువదిరెండున్నర వంతులు తగ్గించిన బాయిలరు ఉపరితలము సుమారు 506 వంతులు తగ్గును. దానిలో పట్టు నీరు సుమారు 11,400 వంతులు తగ్గును. అనగా లోపలి నీటికి తగినదానికంటె వేడిని పోగొట్టుకొను చర్మము ఇరువదిరెండున్నర రెట్లు ఎక్కువగుచున్నది. నీరు మాత్రము చిన్న నీరు కాదు. అది అదే వేడికి కాగును, అదే గుప్తోష్ణమును అడుగును. పెద్ద ఇంజను కొలతలన్నింటిని అదే నిష్పత్తిలో కుదించినచో రేకు మిక్కిలి పలుచనిదగును, బొగ్గు నిప్పు నిలుపుకొనుట కష్టమగును. కావున నేర్పరియైన శిల్పి లోపల నిష్పత్తిని కావలెననియే తప్పును: రేకు మందము పెంచును, బొగ్గుకు బదులు బాయిలరు నడుమ సాగిన గొట్టములో బ్యూటేను మంటను పెట్టును, ఒత్తిడిని చదరపు అంగుళమునకు సుమారు 40 పౌండ్లతో సరిపెట్టును. వెలుపల పోలిక, లోపల భేదము. ఆకారమునకు విధేయుడైనవాడు బొమ్మను చేయును. నీటికిని నిప్పునకును విధేయుడైనవాడు ఇంజనును చేయును. ఇందువలన నాకు తోచినదేమనగా, రామానుజుడు చెప్పిన అవస్థలో ఆకృతితోపాటు ఇతర ద్రవ్యములతో గల సంబంధమును, ఆ సంబంధమువలన కలుగు సామర్థ్యమును చేరియే యున్నవి. కుండ నీరు తెచ్చును, మట్టిముద్ద తేలేదు అని ఆయన కార్యభేదమును చెప్పుట ఇందులకే.

ఇక్కడ మతసంబంధమైన ప్రశ్న ఎదురగును. ఇంగ్లండున విలియం పేలీ 1802లో ప్రకటించిన గ్రంథమున, బయట పడియున్న గడియారమును చూచి దానిని చేసినవాడొకడున్నాడని ఊహించునట్లు, జగత్తును చూచి జగత్కర్తను ఊహింపవలెనని వాదించెను. ఆ వాదములోని కర్త గడియారమును చేసి, విడిచి, పోగలడు; అది తనంత తాను తిరుగుచుండును. కిట్టును కూర్చినవాడు అట్టి కర్తయేనా? చిన్న ఇంజను డ్రైవరు గదిలో ఎవ్వడును ఉండడు. రెగ్యులేటరును కొంచెము తెరచి వదలినచో అది వలయముచుట్టు ఒంటరిగా పోవును. ఆ కాసేపు చూచినవారికి పేలీ చెప్పినదే నిజమనిపింపవచ్చును. కాని దగ్గరగా చూడుడు. సిలిండరుకు పోవు ఆవిరి గొట్టమునకు బొటనవ్రేలంత నూనె పాత్ర యొకటి తగిలించియుండును. ఆవిరి సన్నని రంధ్రముగుండ అందులో ప్రవేశించి, చల్లబడి నీటిబొట్టగును. నీరు నూనెకంటె బరువైనది గనుక అడుగునకు దిగును. దిగిన మేరకు నూనె పైకి లేచి, అదే రంధ్రముగుండ ఆవిరిలో కలసి పిస్టనుకు చేరును. ఎంత చక్కని ఏర్పాటు! అయినను కొన్ని చుట్లకు పాత్ర నిండ నీరే మిగులును. ఆ నీటిని తీసివేసి క్రొత్త నూనె పోయువాడు లేనిచో పిస్టను అరుగును. బాయిలరులో నీరు తగ్గకుండ, మంట ఆరకుండ చూచువాడు లేనిచో, దాని స్వతంత్రగమనము కొన్ని నిమిషముల ముచ్చటయే.

రామానుజ సిద్ధాంతమున జగత్తు ఈశ్వరునకు శరీరము. శరీరమనగా ఒక చేతనునిచేత ధరింపబడునది, నియమింపబడునది, ఆ చేతనుని ప్రయోజనముకొఱకే ఉండునది. ఇందులో మొదటి మాట ధారణము. చేసి విడిచిన కర్తకు ధారణము లేదు. అట్టివానిని తిరుమలలో ఎవ్వరును కొలువరు. తెల్లవారుజామున మేల్కొలిపి, రాత్రి పవళింపుసేవ జరుపుకొను ఆ ఆరాధనక్రమమంతయు, ఇప్పుడును ఇక్కడనుండి ఈ లోకమును మోయుచున్నవానికి చేయు సేవయే. మన చిన్న ఇంజనుతో ఈ విషయమున పోలిక కొంతవరకే పొసగును. కూర్చినవాడు దానిని నియమింపగలడు, కొంత ధరింపగలడు. కాని రాగి రాగిగా ఉండుట, నీరు ఆవిరియగుట అతడు ధరించునవి కావు. గీత పదునెనిమిదవ అధ్యాయమున కర్మకు చెప్పబడిన అయిదు కారణములలో కర్త ఒకడు మాత్రమే, చివరిది దైవము. కిట్టును కూర్చువాడు ఈ సంగతిని కుమ్మరికంటెను నేతగానికంటెను త్వరగా గ్రహించును. ఏలయన అతని చేతికి వచ్చిన ప్రతి మరయందును అన్యుల పని ముందే జరిగియున్నది.

నడచిన ఇంజనును చల్లార్చి, నీరు తీసి, తుడిచి బీరువాలో పెట్టినప్పుడు అది ఏ అవస్థ? ప్రళయమున జగత్తు నామరూపములు కోలుపోయి సూక్ష్మావస్థలో ఈశ్వరుని చేరియుండుననియు, అప్పుడును జీవుల కర్మ నశింపదనియు వేదాంతులు చెప్పుదురు. సృష్టిలోని హెచ్చుతగ్గులు ఈశ్వరుని పక్షపాతము కాదని బ్రహ్మసూత్రము సమాధానము చెప్పునది ఆ అనాది కర్మను ఆధారము చేసికొనియే. మన ఇంజనునకును అట్టి శేషమొకటి కలదు. క్రొత్తగా కూర్చిన ఇంజను మొదట బిగుతుగా తిరుగును. కొంత నడచిన పిదప ప్రతి ఇరుసు తన రంధ్రమునకు, ప్రతి కడ్డీ తన పిన్నునకు అలవాటుపడి అరగును. అందుచేతనే, రంగు వేయుటకో మరమ్మతునకో దానిని మరల విప్పవలసివచ్చినప్పుడు, అనుభవశాలి మొదట చేయు పని ఏ కడ్డీ ఎడమదో ఏది కుడిదో గుర్తు పెట్టుకొనుట. పెట్టె తెరచిన నాడు ఆ రెండు కడ్డీలలో ఏది ఏ ప్రక్క బిగించినను సరిపోయెడిది.