ఎర్ర మారుతి

బెజవాడలో ఒక కుర్రాడు ఉండేవాడు. ఉద్యోగంలో చేరాక పైసా పైసా కూడబెట్టి 1998 నాటి మారుతి 800 ఒకటి కొన్నాడు. అమ్మినాయన రిటైరైన లెక్చరరు. కాలేజీకీ ఇంటికీ తప్ప బండిని తిప్పినవాడు కాదు గానీ, ఇన్నేళ్ళూ వాకిట్లో ఎండలోనే ఉంచాడు. ఇంజనుకు వంక పెట్టడానికి లేదు. రంగే చూడబుద్ధి కాదు. తలుపులు ఇంకా ఎర్రగా ఉన్నాయి. బానెట్టూ టాపూ మాత్రం తెల్లబారి లేత గులాబీలోకి దిగాయి. వేలితో రాస్తే పొడి అంటుతోంది.

బెజవాడ ఎండ తెలిసినవాళ్ళకు ఇది వింత కాదు. రంగు పొడిని పట్టి ఉంచేది రెజిన్. ఎండలోని అతినీలలోహిత కిరణాలకు అది విరిగిపోతుంది, పట్టు తప్పిన పొడి పైకి తేలుతుంది. నిలబడి ఉండే తలుపులకంటే, ఆకాశం వైపు తిరిగి ఉండే బానెట్టుకే ముందు దెబ్బ. అందులోనూ ఎరుపుకు మరీను.

చెల్లెలి పెళ్ళి దగ్గర పడింది. పెళ్ళివారి ముందు ఈ బండిలో దిగడమా? "కొత్త రంగు కొట్టించెయ్యరా, పీడా పోతుంది" అన్నాడు మేనమామ. కుర్రాడు ఆటోనగర్ వెళ్ళాడు. మొదటి షెడ్డువాళ్ళు బండి చుట్టూ ఒక్కసారి తిరిగి ఫుల్ బాడీ పెయింటింగ్ అన్నారు, నలభై వేలన్నారు, వారం పడుతుందన్నారు. రెండో షెడ్డులో ఐదు వేలు తగ్గింది. మూడోది ఒక ముసలి మేస్త్రీది.

ఆయన ధర ఊసెత్తలేదు. జేబులోంచి గుడ్డలో చుట్టిన చిన్న అయస్కాంతం తీసి బండి ఒళ్ళంతా ఆనించుకుంటూ పోయాడు. అన్నిచోట్లా పట్టుకుంది. ఎడమ వెనక డోరు కింది భాగంలో మాత్రం నిలవకుండా జారిపోయింది.

"ఇక్కడ ఎప్పుడో గుద్దారు, లప్పం పెట్టి కప్పారు. మిగతాదంతా కంపెనీ రంగే బాబూ. దీన్ని గీకేసి నేను కొట్టేది ఇంతకంటే గట్టిగా నిలుస్తుందని మాట ఇవ్వలేను."

"మరి ఇలా పాలిపోయిందేంటి మేస్త్రీగారూ?"

"పాలిపోయింది పైపైనే. చూద్దాం ఉండు."

బండిని రేకుల నీడలోకి తోయించి, ముందు ఉత్త నీళ్ళతో దుమ్ము జారేదాకా తడిపాడు. తర్వాత షాంపూ నీళ్ళతో పైనుంచి కిందికి కడిగాడు. ఆరాక, చేతికి పాలిథిన్ కవరు తొడుక్కుని బానెట్టు మీద మెల్లగా రాయమన్నాడు. ఉత్త చేతికి నున్నగా తగిలింది కాస్తా కవరులోంచి గరగరలాడింది. కడిగినా వదలని బ్రేకుల ఇనప రజను, చెట్ల బంక, ఫ్యాక్టరీల మసి అక్కడ దిగబడి ఉన్నాయి. వాటిమీదే పాలిష్ రుద్దితే ఆ రజనే కొత్త గీతలు గీస్తుంది. అందుకని క్లే ముద్దను తడిపి తడిపి పామి, కవరుకు ఏమీ తగలనంత వరకు లాగించాడు. కుర్రాడికి విసుగొచ్చింది. మెరుపు ఇంకా మొదలే కాలేదు మరి.

అప్పుడు తీశాడు కాంపౌండు. బానెట్టు మూల అరచేతి మేర, మెత్తటి గుడ్డతో, చేత్తోనే రుద్దాడు. గుడ్డ ఎర్రబడింది.

"అయ్యో, రంగు ఊడిపోతోంది!"

"ఊడేది చచ్చిన రంగు. ఈ బండికి పైన క్లియర్ కోటు లేదు, అందుకే గుడ్డకు అంటింది. ఇప్పటి బండ్లకైతే అంటదు."

తుడిచి చూపించాడు. అరచేతి మేర ముదురెరుపు తేలింది. చుట్టూ అదే పాత గులాబీ. నలభై వేలు పెట్టి కొందామనుకున్నది బండి మీదే ఉందని చూసేసరికి కుర్రాడికి కాలు నిలవలేదు.

శుక్రవారం. మేస్త్రీ జుమ్మా నమాజుకు వెళ్తూ, "నేనొచ్చేదాకా మిషను ముట్టుకోవద్దు" అని చెప్పి మరీ వెళ్ళాడు. కుర్రాడు కాసేపు ఆగాడు. బానెట్టు అంచు దగ్గర ఒక గీత ఉంది. పాలిపోయినంతసేపూ కనిపించలేదు గానీ, చుట్టూ ఎరుపు తేలుతుంటే అదొక్కటే కంట్లో పడుతోంది. బఫింగ్ మిషను అందుకుని గీత మీద పెట్టాడు. గీత పలచబడినట్టే అనిపించింది. ఇంకాస్త నొక్కాడు. మడత తిరిగిన చోట ఎరుపు పోయి, బొటనవేలంత బూడిద రంగు ప్రైమరు బయటపడింది. గీత మాత్రం అలాగే ఉంది.

మేస్త్రీ వచ్చి చూశాడు. తిట్టలేదు. కుర్రాడి చూపుడువేలు పట్టుకుని గోటిని గీతకు అడ్డంగా లాగించాడు. గోరు టక్కున ఆగింది.

"గోరు ఆగితే లోతు గీత. అది పోవాలంటే దాని అడుగుదాకా చుట్టూ ఉన్న రంగంతా తీసెయ్యాలి. దీనికి అడుగు ప్రైమరు దగ్గరుంది. ఇంకెక్కడికి తీస్తావు? మడతల మీద రంగు ఎప్పుడూ పలచనే. నేనైనా అక్కడ టేపు వేసి చేస్తాను."

పోయినచోట సన్న కుంచెతో టచప్ పెట్టాడు. దగ్గరగా చూస్తే తెలుస్తుంది, దూరం నుంచి తెలియదు. లోతు గీత జోలికి పోలేదు. మిగతాదంతా రెండు రోజులు ఓపిగ్గా రుద్ది, పైన మైనం పట్టించాడు. పెళ్ళిలో బండి బాగుందన్నారు. గీత సంగతి ఎవరూ అడగలేదు. మేనమామ మాత్రం అడిగాడు, ఆయన అడగకుండా ఉండడు.

ఆరు నెలలు తిరక్కుండానే కుర్రాడు మళ్ళీ షెడ్డుకు వచ్చాడు. "మెరుపు తగ్గింది, ఇంకోసారి పాలిష్ కొట్టండి."

మేస్త్రీ బండి చుట్టూ తిరిగాడు. సన్న సన్న గీతలు వలయాలుగా పడి ఉన్నాయి. "దేంతో కడుగుతున్నావు?"

"బట్టల పొడితో. పాత బనీను గుడ్డతో."

"ఆ పొడి మైనాన్ని మొదటి వారమే కడిగేసి ఉంటుంది. ఒకే బకెట్లో గుడ్డ ముంచి, ఆ ఇసకనే మళ్ళీ బండికి రాస్తున్నావు. ఇప్పుడు నేను రుద్దుతాను, మెరుస్తుంది. కానీ నా లెక్కలో ఈ బానెట్టుకు ఇంకో రెండుసార్లు రుద్దేంత రంగే ఉంది. ఒకటి ఇవాళే వాడేస్తావా?"

కుర్రాడు వాడలేదు. రెండో బకెట్టు కొన్నాడు, ఒకటి షాంపూకు, ఒకటి గుడ్డ జాడించడానికి. బనీను గుడ్డ పోయి మైక్రోఫైబరు వచ్చింది. పిట్టలు రెట్టలేసే చెట్టు కిందనుంచి బండిని రేకుల షెడ్డులోకి మార్చాడు. ఎప్పుడన్నా రెట్ట పడితే ఎండలో కాలి రంగులో దిగకముందే తడిపి తీస్తాడు. మేస్త్రీ చెప్పిన ఆ రెండు పాలిష్‌లూ ఇంకా అతని ఖాతాలోనే ఉన్నాయి.

కథకు నీతి ఇది: బాగుచేయడం కూడా ఖర్చే. ఆ ఖర్చు దేంట్లోంచి పోతోందో తెలుసుకున్నాకే చెయ్యి వెయ్యాలి.

కారు మీద కంపెనీ వేసే రంగు, ప్రైమరుతో సహా, మొత్తం కలిపి 0.1 మిల్లీమీటరుకు కాస్త అటూ ఇటూ. అంటే రాసుకునే కాగితం మందం. కొత్త బండ్లలో మెరుపునిచ్చే క్లియర్ కోటు అందులో సగమైనా ఉండదు. పాలిష్ అంటే ఆ కాగితంలోంచి ఇంత గీకి, గరుకుదనాన్ని చదును చేయడమే. పైన కొత్తగా వచ్చి చేరేదేమీ లేదు. అసలు తింటూ వడ్డీ అనుకునేవాడికి ఇల్లు ఖాళీ అయ్యేదాకా తెలియనట్టే, నెలనెలా మెరిపించేవాడికి ప్రైమరు కనిపించేదాకా తెలియదు.

మేస్త్రీలో నాకు నచ్చింది పనితనం కాదు. అది చాలామందికి ఉంటుంది. వదిలెయ్యడం తెలియడం నచ్చింది. గీత ఎంత లోతుందో చూసి, దీన్ని ఇలాగే ఉంచాలి అనగలగడానికి కొట్టి చూపించడంకంటే ఎక్కువ అనుభవం కావాలి. వందల ఏళ్ళ గుడి స్తంభాలకు జాతర పేరు చెప్పి ఎనామిల్ రంగులు పూయించే పెద్దమనుషులకు అదే లేదు. పూసినవాళ్ళది భక్తే, సందేహం లేదు. కింద రాతి మీది శాసనం మాత్రం అక్షరాలు పూడిపోయి ఉంటుంది. పిల్లల్ని దిద్దే పెద్దలకూ ఈ గోటి పరీక్ష పనికొస్తుందని నా అభిప్రాయం. ప్రతి గీతనూ పోగొట్టాలని పట్టుబట్టేవాడు ముందు మడత దగ్గరే పొర పోగొడతాడు.

దీన్ని సోమరితనానికి సాకుగా తీసుకోకూడదు. తుప్పు కనిపిస్తే ఆగకూడదు, రేకు మెరిసేదాకా గీకి ప్రైమరు కొట్టాల్సిందే. తుప్పు మీదే రంగు వేస్తే లోపల అది తన పని తాను చేసుకుపోతుంది, కొన్నాళ్ళకు పైన బుడగలు లేస్తాయి. క్లియర్ కోటు పొలుసులుగా లేచిపోయిన బండికీ పాలిష్ దండగ, అక్కడ మళ్ళీ రంగు కొట్టించక తప్పదు. మిగిలినదేదో ఉన్నప్పుడే దాన్ని కాపాడుకునే మాట.

మారుతి 800 సంగతికే వస్తే, 1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీ చేతుల మీదుగా మొదటి మారుతి 800 తాళాలు అందుకున్న ఢిల్లీవాసి హర్‌పాల్ సింగ్, 2010లో కన్నుమూసేదాకా ఆ బండిని అమ్ముకోలేదు. తర్వాత ఆలనాపాలనా లేక పాడైపోయిన దాన్ని కంపెనీయే బాగుచేయించి తన ప్రధాన కార్యాలయంలో పెట్టింది. అందరి బండికీ ఆ యోగం పట్టదు. 2014 జనవరిలో ఆ మోడల్ తయారీ ఆగిపోయింది. ఆ బండ్ల మీద ఇప్పుడు మిగిలి ఉన్న కంపెనీ రంగే ఆఖరుది.

మీ వాకిట్లో అలాంటి పాత బండి ఉంటే, రంగు డబ్బా బేరం చేసేముందు నీడలో పెట్టి శుభ్రంగా కడగండి. బానెట్టు మూల అరచేతి మేర చేత్తో రుద్ది చూడండి. కింద రంగు బతికే ఉంటే, ఫుల్ బాడీ అనే షెడ్డు దాటి ఇంకో షెడ్డుకు వెళ్ళండి.