నీటి తీపి ఎక్కడిది?

ఉసిరికాయ కొరికితే ముందు పులుపు, వెంటనే వగరు తగులుతాయి. నమిలి మింగి గుక్కెడు మంచినీళ్లు తాగితే ఆ నీళ్లు తియ్యగా ఉంటాయి. కరక్కాయ తిన్నా ఇంతే. నీళ్లలో ఎవరూ బెల్లం కలపలేదు, కాయ తింటున్నప్పుడు తీపి తెలియలేదు. పిల్లలు సరదాగా చేసి చూసే ఈ పనిని తార్కికులు ఒక సిద్ధాంతానికి సాక్ష్యంగా పట్టుకున్నారు. దాని వెనక ఉన్న ప్రశ్న పెద్దది: రుచి వస్తువులో ఉందా, తినేవాడిలో ఉందా?

ఈ తార్కికుల, అంటే న్యాయవైశేషికుల, దృష్టిలో ప్రపంచం చూసేవాడి మీద ఆధారపడి లేదు. రంగు, వాసన, రుచి వస్తువుల్లోనే ఉండే గుణాలు, ఇంద్రియాలు వాటిని తెలుసుకుంటాయి, అంతే. 17వ శతాబ్దపు తెలుగు పండితుడు అన్నంభట్టు తన తర్కసంగ్రహంలో ఈ లెక్కను పిల్లలకు కూడా అర్థమయ్యేలా చెప్పాడు. తీపి, పులుపు, ఉప్పు, కారం, వగరు, చేదు అనే ఆరు రుచులూ పృథివిలో, అంటే మట్టిలో, ఉంటాయి. నీటిలో ఉండేది తీపి ఒక్కటే. రుచిని పట్టే రసనేంద్రియం నాలుక కొసన ఉంటుంది, అది కూడా జలమయమే.

నీరు తియ్యనిదైతే ఊరికే తాగినప్పుడు ఆ తీపి ఎందుకు తెలియదు? అదే శతాబ్దానికి చెందిన విశ్వనాథ పంచాననుడి సిద్ధాంతముక్తావళి ఈ ఆక్షేపణను దాటవేయదు. చీకటి గదిలోని కుండను దీపం కొత్తగా పుట్టించదు, ఉన్నదాన్నే చూపిస్తుంది. కరక్కాయ కూడా నీటిలో ముందే ఉన్న తీపిని అలా బయటపెడుతుందని సమాధానం. నీరు, వేడిమి తగిలి కరక్కాయలోనే కొత్త రుచి పుట్టిందనవచ్చు కదా అని ఎదుటివాడు అడుగుతాడు. అలా అంటే లేనిపోని కల్పన పెరుగుతుంది, తక్కువ ఊహలతో తేలే సమాధానమే మేలంటాడు విశ్వనాథుడు. అతడి లెక్కలో నిమ్మరసంలోని పులుపు నీటిది కాదు, అందులో కలిసిన పార్థివ (మట్టి) భాగానిది.

నీటి రుచి గురించి ఆయుర్వేద వైద్యుల మాట మాత్రం వేరు. చరకసంహిత ప్రకారం ఆకాశం నుంచి పడే నీటి రుచి అవ్యక్తం, ఫలానా అని చెప్పడానికి వీల్లేనిది. ఆ గ్రంథంలోనే చైత్రరథ వనంలో చేరిన ఋషులు రుచులెన్ని అని వాదించుకుంటారు. ఒక్కటేనని భద్రకాప్యుడు, లెక్కలేనన్నని కాంకాయనుడు అంటారు. చివరికి ఆత్రేయుడు ఆరని తేలుస్తాడు. నిత్యం నోటికి తగిలే విషయం మీద కూడా ఇంత వాదన జరగడం ఆ సంప్రదాయపు నిజాయితీకి గుర్తు.

రుచి వస్తువులో ఉందా, తినేవాడిలో ఉందా అన్న ప్రశ్నకు యూరప్‌లో తార్కికులకు పూర్తిగా ఎదురు సమాధానం వచ్చింది. 1623లో గెలీలియో, రుచులూ వాసనలూ రంగులూ అనుభవించే ప్రాణిలోనే ఉంటాయని, ప్రాణిని తీసేస్తే వట్టి పేర్లే మిగులుతాయని రాశాడు. వస్తువుకు నిజంగా ఉండేవి ఆకారం, పరిమాణం, చలనం వంటివేనన్నాడు.

20వ శతాబ్దంలో ఈ తగాదా ప్రయోగశాలకు చేరింది. ఆర్టిచోక్ అనే కూరగాయ తిన్నాక కూడా కొందరికి నీళ్లు తియ్యగా ఉంటాయి. కూరలోని పదార్థం నీటిలో కలవడంవల్ల ఇలా జరగడం లేదని, నాలుకే కాసేపు మారిపోతోందని లిండా బార్టోషుక్ బృందం 1972లో చూపింది. శాకరిన్ అనే కృత్రిమ తీపి పదార్థం మరీ గాఢంగా ఉంటే తీపిని పట్టే గ్రాహకాన్ని అణచివేస్తుందనీ, నీళ్లతో కడిగేయగానే ఆ అణచివేత తొలగి తీపి పుడుతుందనీ 2006లో మరో పరిశోధన తేల్చింది. నీరు అక్కడ తీపిని తేవడం లేదు, అడ్డును తీసేస్తోంది. పిల్లులకైతే చక్కెర తీపే తెలియదు, ఆ గ్రాహకానికి కావలసిన ఒక జన్యువు వాటిలో పనిచేయదని 2005లో బయటపడింది. మనుషుల్లోనూ తేడాలున్నాయి. 1931లో ఆర్థర్ ఫాక్స్ అనే రసాయనవేత్త ప్రయోగశాలలో పీటీసీ అనే పొడి గాలిలోకి లేచింది. పక్కనున్నవాడికి నోరు చేదెక్కింది, ఫాక్స్‌కు ఏ రుచీ తగల్లేదు.

ఇన్ని తెలిశాక, తీపి నీటి గుణమే అన్న తార్కికుల మాట నిలవదు. అలాగని రుచి వట్టి పేరు అన్న మాటా పూర్తిగా నిలవదు. ఏ పదార్థం ఏ నాలుకకు ఎలా తగులుతుందో పరీక్షించి చెప్పవచ్చు, అది ఎవరి ఇష్టాన్ని బట్టీ మారదు. రుచి వస్తువుకూ ఇంద్రియానికీ మధ్య ఏర్పడే సంబంధం, ఆ రెండింటిలో ఏది మారినా అదీ మారుతుంది. ప్రతి వాక్యమూ ఒకానొక దృష్టినుంచే సత్యమన్న జైనుల అనేకాంతవాదానికి ఈ ఫలితం దగ్గరగా ఉంది. పీటీసీ చేదన్నవాడూ, రుచే లేదన్నవాడూ ఇద్దరూ నిజమే చెబుతున్నారు, తన నాలుకే అందరి నాలుకా అనుకున్నవాడు మాత్రమే పొరబడుతున్నాడు. విశ్వనాథుడి సమాధానం వీగిపోయినా, అనుభవాన్ని సాక్ష్యంగా నిలబెట్టి, ఎదుటివాడి ఆక్షేపణను తానే ముందుకు తెచ్చి, అనవసరపు కల్పనను వదిలేసిన ఆ పద్ధతి ఇప్పటికీ చెల్లుతుంది. ఆ సమాధానాన్ని సరిదిద్దిన ప్రయోగాలు నడిచిందీ ఆ దారినే.