మరో ఏడాది గడువు



"చేసిన పాపమే మళ్ళీ చేస్తున్నాను. ఏ ముఖం పెట్టుకుని పాపసంకీర్తనానికి వెళ్ళను?" మన విచారణల్లో ఎందరి మనసులోనో ఉన్న మాట ఇది. పాస్కా పండుగ నాడు తాగుడు మానేస్తానని ఒట్టు పెట్టుకున్న తండ్రి నెల తిరగకుండానే మళ్ళీ సీసా పట్టుకుంటాడు. గట్టు తగాదాలో అన్నను క్షమించానన్న తమ్ముడు పొలం దగ్గర అన్న ఎదురైతే ముఖం తిప్పుకుంటాడు. సిగ్గుతో మొదట పాపసంకీర్తనం మానేస్తారు, తరువాత దివ్యసత్ప్రసాదం, చివరికి గుడికి రావడమే మానేస్తారు.

మరికొందరు వేరే విధంగా అడుగుతారు: "దేవుడు ఎన్నిసార్లయినా క్షమిస్తే ఇక పాపానికి భయపడటం దేనికి?"

లూకా శుభవార్త 13వ అధ్యాయంలోని అంజూరపు చెట్టు ఉపమానం ఈ ఇద్దరికీ సమాధానం చెబుతుంది. మూడేళ్ళుగా కాయని చెట్టును నరికేయమన్నాడు యజమాని. తోటమాలి అడ్డుపడి మరో ఏడాది గడువు అడిగాడు.

మన ఉద్దానం రైతుకు దీన్ని విడమరచి చెప్పనక్కర లేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి ప్రాంతాల్లో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. తాతలు నాటిన చెట్లు ఒక్క పూటలో పోయాయి. అయినా ఎందరో రైతులు మళ్ళీ మొక్క నాటారు. నాటు కొబ్బరి కాపుకు రావడానికి 6, 7 ఏళ్ళు పడుతుందని తెలిసే నాటారు. కాయ కంటపడక ముందే ఏళ్ళ తరబడి నీళ్ళు పోశారు.

దేవుని వరప్రసాదం అటువంటిది. అది మన మంచితనానికి కూలి కాదు. మనం మాట తప్పినా ఆయన తప్పడు. పునీత పేతురు గారు మూడుసార్లు ప్రభువును ఎరుగనన్నారు. ఉత్థాన ప్రభువు సరస్సు ఒడ్డున ఆయనను మూడుసార్లు ప్రేమను గురించి అడిగి, తన మందను ఆయనకే అప్పగించారు. క్షమించడానికి దేవుడు అలసిపోడనీ, అడగడానికి మనమే అలసిపోతామనీ ఫ్రాన్సిస్ పోపు గారు 2013 మార్చి 17న, తమ తొలి త్రికాల ప్రార్థన సందేశంలోనే గుర్తుచేశారు.

మరి భయం దేనికి అంటారా? తోటమాలి గడువుతో సరిపెట్టలేదు. చుట్టూ తవ్వి ఎరువు వేస్తానన్నాడు. పాదు తవ్వేటప్పుడు గునపం వేరుకు తగలక మానదు. సీసా దొరికే దారి మానుకోవడం, అన్న గడప తొక్కడం, అన్యాయంగా తీసుకున్న సొమ్ము తిరిగి ఇవ్వడం ఆ గునపం పోట్లే. దేవుడు తవ్వుతున్నాడంటే మనల్ని వదిలిపెట్టలేదని అర్థం. ఆ ఏడాది తరువాత చెట్టు కాసిందో లేదో ప్రభువు చెప్పలేదు. అది మనం చెప్పవలసిన సమాధానం.

ఇంట్లో ఇలా పడుతూ లేస్తూ ఉన్నవారిని చూసి విసిగిన తల్లులారా, భార్యలారా, దెబ్బలు మౌనంగా భరించమని ఈ ఉపమానం చెప్పడం లేదు. సాయం కోరండి, పెద్దలకు చెప్పండి. అయితే ఆ మనిషి ఇక మారడన్న తీర్పు మాత్రం దేవునికి విడిచిపెట్టండి.

ఆ తండ్రి, ఆ తమ్ముడు మీరే అయితే, ఈ శనివారం గుడికి రండి. పోయినసారి చెప్పిన పాపమే అయినా చెప్పండి. తోటమాలి ఎరువు తట్టతో పాదు దగ్గరే ఉన్నాడు.